పాత సిటీ వీటెక్, వెయ్యి కిలోమీటర్ల దూరంలో ట్రాక్, మధ్యలో నా బడ్జెట్

ట్రాక్‌డే కోసం, అంటే రేసు ట్రాక్ మీద మన సొంత బండి తిప్పుకునే రోజు కోసం, పాత కారు సిద్ధం చేస్తున్నానని చెప్తే మా బరంపురంలో ఎవరైనా మొట్టమొదట అడిగేది ఒకటే, "పికప్ ఎంత పెరుగుతాది?" అని. ఏమీ పెరగలేదు. ఇంజిన్ పవర్ కోసం నేను ఒక్క రూపాయి పెట్టలేదు, ఇప్పట్లో పెట్టే ఉద్దేశమూ లేదు. అయినా బండి మీద ఖర్చు లక్షన్నర దగ్గరకి వచ్చింది. ఆ డబ్బు ఎటు పోయిందో, ఎందుకు ఆ వరసలో పోయిందో రాస్తాను. పాత బండి మీద మోజుపడి, చేతిలో కొంచెం డబ్బు పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్న వాళ్ళకి పనికొస్తుంది.

బండి 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. 1998లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం సిటీ ఇది, తర్వాత అందులోనే వీటెక్ ఇంజిన్ పెట్టారు. 1493 సీసీ, 106 హార్స్‌పవర్, బరువు టన్నుకి కాస్త అటూఇటూ. 2003లో ఆ షేపు ఆగిపోయింది. నాలుగు డోర్ల బండిని స్పోర్ట్స్ కారు అంటారా అని నవ్వే వాళ్ళు ఉంటారు, నవ్వనీండి, మా కుర్రతనంలో మాకు తెలిసిన స్పోర్ట్స్ కారు ఇదే. వైజాగ్‌లో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర కొన్నాను. రూఫ్ మీద 2014 హుద్‌హుద్ తుఫానులో కొబ్బరి మట్ట పడిన సొట్ట అలాగే ఉంది, ఆయన బాగు చేయించలేదు, నేనూ చేయించలేదు. ట్రాక్ మీద సొట్ట వల్ల స్పీడు తగ్గదు.

వీటెక్ అంటే పెద్ద మాయేం కాదు. వాల్వులని తెరిచే కామ్‌షాఫ్ట్ మీద రెండు రకాల లోబ్‌లు, అంటే ఉబ్బెత్తు భాగాలు, ఉంటాయి. మామూలుగా చిన్న లోబ్‌ల మీద నడుస్తుంది, ఆర్‌పీఎం పైకెళ్ళాక ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నుని తోసి రాకర్ ఆర్మ్‌లని కలిపేస్తుంది, అక్కణ్ణుంచి వాల్వులు పెద్ద లోబ్ చెప్పినట్టు ఎక్కువ తెరుచుకుంటాయి. అంటే ఆ మజా అంతా ఆయిల్ ప్రెషర్ చేతిలో ఉంది. వీటెక్ పనిచేయడం లేదని చెప్పి చవగ్గా అమ్మేసే బండ్లలో చాలా వాటికి జబ్బు ఆయిల్ తక్కువ కావడమో, ఆ ఆయిల్ దారి తెరిచే సొలినాయిడ్ కింద ఉండే చిన్న జాలీ మడ్డితో మూసుకుపోవడమో. నాది కూడా కొన్నప్పుడు అంతే, పైన ఊపు వచ్చేది కాదు. సొలినాయిడ్ విప్పి జాలీ కడిగి పెడితే వచ్చింది. ఆ ఊపు చూసి అక్కడే ఎగ్జాస్టూ, ఇన్‌టేకూ అంటూ కొనేసే వాళ్ళని చాలామందిని చూశాను.

ఇక్కడ మా ఊరి సమస్య చెప్పాలి. దగ్గర్లో ట్రాక్ లేదు. ఒడిశాలో లేదు, ఆంధ్రాలో పక్క జిల్లాల్లోనూ లేదు. మద్రాసు పక్కన శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, ల్యాప్ 3.7 కిలోమీటర్లు, 1990లో మొదలైంది, అంతకు ముందు ఆ రేసులన్నీ షోళవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన చోటు, ఐదు కిలోమీటర్ల పైన. మూడిట్లో మద్రాసే నాకు దగ్గర, దగ్గరంటే ఎన్‌హెచ్-16 ఎక్కి ఇచ్ఛాపురం, పలాస, వైజాగ్, విజయవాడ, నెల్లూరు దాటుకుంటూ వెయ్యి కిలోమీటర్ల పైనే. లారీ మీద పంపిద్దామని కనుక్కుంటే చెప్పిన రేటుకి రెండు సెట్ల టైర్లు వస్తాయి. కాబట్టి నడుపుకుంటూ వెళ్ళాలి, ఒక రోజు ట్రాక్ మీద తిప్పాలి, మళ్ళీ అదే బండిలో నడుపుకుంటూ ఇంటికి రావాలి.

నా బడ్జెట్ మొత్తానికి ఇదే రూలు అయింది. ట్రాక్ మీద ఎంత బాగున్నా సరే, రోడ్డు మీద ఏడిపించే పార్టు వద్దు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండాలి, ఐదేళ్ళకోసారి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి దాని ఫీజు 5,000, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. పక్క రాష్ట్రం బండి కాబట్టి ఫారం 28 పెట్టి ఎన్‌వోసీ తెచ్చుకోవడం, ఇక్కడ ట్యాక్స్ కట్టడం అదనం. ఒక ఆఫీసు కిటికీ నుంచి ఇంకో ఆఫీసు కిటికీకి తిరిగిన కథ మీ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మన మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీ కాగితంలో బండిని దేనికి వాడకూడదో రాసి ఉంటుంది, అందులో రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ ఉన్నాయి. ట్రాక్ మీద గోడకి గుద్దితే ఎవరూ పైసా ఇవ్వరు. అంటే ట్రాక్‌కి తీసుకెళ్ళే బండి విలువ ఎంతో, అది పోయినా తట్టుకునే స్తోమత మనకి ఉండాలి. పాత బండి ఎంచుకోవడానికి నాకున్న కారణాల్లో సగం ఇదే.

ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిలో మార్పులు చేయకూడదు. ఇంజిన్ మార్పిడి లాంటివి నేను తలపెట్టకపోవడానికి అదీ ఒక కారణం. బుష్‌లు, ప్యాడ్లు, ఫ్లూయిడ్, టైర్లు మార్చుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇక అసలు పని. మా మెకానిక్ బాబాయి గ్యారేజీలో సగం మాటలు ఒడియాలో, సగం తెలుగులో నడుస్తాయి, నాతో తెలుగే. బండి చూసి, "ఏటి బాబూ, ఇంజిన్ సుబ్బరంగా ఉంది, ఇదంతా విప్పించడం ఎందుకు?" అన్నాడు. ఎందుకంటే బండికి ఇరవై ఏళ్ళు దాటాయి. 106 హార్స్‌పవర్ అని పుస్తకంలో ఉన్నది కొత్త రబ్బరు, కొత్త స్ప్రింగులు, శుభ్రమైన నీళ్ళ దారులు ఉన్న బండి గురించి. ముందు ఆ బండి నా చేతికి రావాలి. అప్‌గ్రేడ్ అన్న మాట తర్వాత.

మొదట కింద చూశాం. వైజాగ్‌లో సముద్రపు గాలి, ఇక్కడికొస్తే గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్లు, ఉప్పు గాలి ఈ బండిని ఎక్కడా వదల్లేదు. పైన పెయింటు మెరుస్తుంటే మోసపోకూడదు. బండిని లిఫ్ట్ మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో జాకీ పెట్టే చోట్లు, ఫ్లోర్ అంచులు, సస్పెన్షన్ బోల్టులు బిగించిన చోట్లు ఒక్కోటీ పొడిచి చూడాలి. గట్టిగా టక్కుమంటే సరే, పొరలు పొరలుగా రాలితే అక్కడ బాడీ పని ఉంది. నా బండిలో ఎడమ పక్క వెనక చక్రం ముందు ఒక్కచోట రాలింది, కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించాం. అంతకన్నా ముఖ్యం, వెనక్కి వెళ్ళే బ్రేకు ఇనుప పైపు. దాని మీద తుప్పు గోకితే చెయ్యికి గరుకుగా తగిలింది, ఇంకా కారడం లేదు. కారే దాకా ఆగడం ఎందుకని కొత్త పైపు వేయించాను.

తర్వాత నీళ్ళ దారి. రేడియేటర్ కింద ప్లగ్ విప్పితే వచ్చింది కూలెంట్ కాదు, గోధుమ రంగు బురద నీళ్ళు. ఎన్నాళ్ళు బోరు నీళ్ళు పోశారో. ఇంజిన్ లోపల దారులు పారే నీళ్ళు తెల్లగా వచ్చే దాకా కడిగాం, రేడియేటర్ కొత్తది వేశాం, హోస్ పైపులన్నీ మార్చాం, డిస్టిల్డ్ వాటర్‌తో కూలెంట్ సగం సగం. రేడియేటర్ మూత కూడా కొత్తది. మూత రెండు మూడు వందల వస్తువు, దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ లోపల ప్రెషర్ నిలబెట్టేది అదే, ప్రెషర్ నిలబడితేనే నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. దాని రబ్బరు ఎండిపోతే కొత్త రేడియేటర్ ఉండీ లాభం లేదు.

ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ దగ్గర బాబాయికీ నాకూ చిన్న గొడవ. పాత ఓనరు ఎప్పుడో తీయించేశాడు. "మన ఎండలకి అదెందుకు బాబూ, లేకపోతే ఎప్పుడూ చల్లగానే ఉంటాది." ఈ మాట మీరు ఏ ఊరి గ్యారేజీలో అయినా వింటారు. కానీ హైవే మీద గంటల తరబడి ఒకే స్పీడులో పోయేటప్పుడు అది లేని ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు, అరుగుదల పెరుగుతుంది. నా బండి ట్రాక్ మీద తిరిగేది గంటో రెండు గంటలో, హైవే మీద తిరిగేది రెండు వేల కిలోమీటర్లు. పెట్టించాను. గొణుక్కుంటూనే పెట్టాడు, పెట్టాక ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతోందో ఎప్పుడు ఆగుతోందో నాకన్నా శ్రద్ధగా చూసింది ఆయనే.

టైమింగ్ బెల్టు, దాంతోపాటే వాటర్ పంపు, టెన్షనరు. ఈ ఇంజిన్లో బెల్టు తెగితే పిస్టన్లూ వాల్వులూ గుద్దుకుంటాయి, అప్పుడు బడ్జెట్ గురించి మాట్లాడుకోవాల్సిన పని ఉండదు. బెల్టు మీద చివరిసారి ఎప్పుడు మార్చారో రాసి లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

నాకు బాగా నచ్చిన పని వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వు తలకీ దాన్ని నొక్కే స్క్రూకీ మధ్య సందు సరిచేయడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, అందుకని పొద్దున్నే షట్టర్ తీయగానే మొదలుపెట్టాం. పైన కవరు విప్పి, ఒక్కో పిస్టన్నీ పైకి తెచ్చి, స్క్రూకీ వాల్వు తలకీ మధ్య ఫీలర్ గేజి రేకు పెట్టి లాగాలి. రేకు జారిపోకూడదు, పట్టేయకూడదు, వేలికి సన్నగా పట్టు తెలుస్తూ రావాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్ళీ లాగి చూడాలి. బాబాయి కళ్ళు వేరే ఎటో పెట్టి, వేలితోనే చెప్పేవాడు "ఇది బిర్రు, ఇది సరి" అని. ఎగ్జాస్ట్ వాల్వుల్లో రెండు బిగుసుకుని ఉన్నాయి. ఎగ్జాస్ట్ వాల్వు బిగువుగా ఉంటే పూర్తిగా మూసుకోదు, మూసుకోకపోతే దాని వేడి సీటు ద్వారా బయటికి పోదు, అలా అంచు కాలిపోతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో సాగదీసి తిప్పబోయే బండికి ఇది చూడకుండా ట్రాక్‌కి పోవడం నాకైతే ధైర్యం చాలదు. ఖర్చు? కవరు గాస్కెట్, బాబాయి కూలి. అంతే. ఆ పని అయ్యాక బండి ఐడిల్ నిలకడ చూసిన వాళ్ళు "ఏం వేయించావు" అని అడిగారు.

ఆ తర్వాత రబ్బరు. ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ళ దగ్గరుండే రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాక్ చివర్లు, నాలుగు షాక్ అబ్జార్బర్లు. కాయిలోవర్ అని పిలిచే ఎత్తు సర్దుకునే సస్పెన్షన్ సెట్టు మీద మనసు పోయింది, ఒప్పుకుంటాను, రాత్రుళ్ళు ఫోన్లో వాటి ఫొటోలే చూసేవాణ్ణి. కానీ చవక సెట్టు కూడా అరవై వేలు దాటుతోంది, వాటిని ఎండిపోయిన పాత బుష్‌ల మధ్య బిగిస్తే ఆ గట్టితనం అంతా ఆ బుష్‌ల ఆటలోనే పోతుంది. అదే డబ్బులో బుష్‌లూ మామూలు షాకులూ అన్నీ కొత్తవి వచ్చి ఇంకా మిగిలింది. గట్టి పాలియూరిథేన్ బుష్‌లు వద్దనుకున్నాను, రబ్బరువే వేశాం, తుని అవతల రోడ్డు మీద నా నడుముకి ఆ రబ్బరు కావాలి.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ట్రాక్ మీద పాత బండ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. ఆ వేడి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 140 నుంచి ఆపితే పుట్టే వేడి, 100 నుంచి ఆపినదానికి దాదాపు రెండింతలు. పవర్ పెంచితే స్ట్రెయిట్ చివర వేగం పెరుగుతుంది, ఆ పెరిగినదంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. రోడ్డు మీద ఒకసారి గట్టిగా ఆపి మళ్ళీ చాలాసేపటికి ఆపుతాం, ట్రాక్ మీద మలుపు మలుపుకీ ఆపుతాం, చల్లారే టైమే ఉండదు.

దెబ్బ తినేది రెండు రకాలు, రెండూ పెడల్ కిందే తెలుస్తాయి. పెడల్ గట్టిగా ఉండి బండి మాత్రం ఆగడం లేదంటే ప్యాడ్ల పదార్థం దాని హద్దు దాటి వేడెక్కింది. పెడల్ మెత్తగా అయిపోయి కిందికి దిగిపోతోందంటే ఫ్లూయిడ్ మరిగింది, పైపులో ఆవిరి బుడగలు చేరాయి. రెండోది భయంకరం. బ్రేకు ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మా తీరంలో తేమకి కరువు లేదు. డాట్ అనేది ఫ్లూయిడ్ గ్రేడు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. నేను డాట్ 4 వేసి, ట్రాక్‌కి వెళ్ళే వారంలో పూర్తిగా కొత్తది ఎక్కించే పద్ధతి పెట్టుకున్నాను. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు చూసి 5.1 అనుకుని ఇందులో పోయకండి, రెండూ కలవవు.

ఖర్చు పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చింది ఇంకేదీ లేదు. ఫ్లూయిడ్ సీసాలు వెయ్యి రూపాయల లోపు. ముందు డిస్కులు కంపెనీ సైజువే కొత్తవి, గీతలూ కన్నాలూ ఏమీ లేని సాదావి. ప్యాడ్ల దగ్గర ఆలోచించాను. అచ్చంగా రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు, వేడెక్కితేనే పనిచేస్తాయి. ట్రాక్ మీద బాగుంటాయి, కంచిలి దగ్గర ఆవు అడ్డమొస్తే మొదటి నొక్కుకే ఆగాలి కదా. అందుకని రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిచే మధ్యరకం ప్యాడ్లు, మామూలువాటికి మూడు రెట్లు రేటు. వాటిని కూర్చోబెట్టడానికి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, 60 నుంచి 10కి తగ్గించడం, ఆపకుండా మళ్ళీ పెంచడం, మళ్ళీ తగ్గించడం, వాసన వచ్చే దాకా, తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారబెట్టడం. ఆపైన మా వైపు కొండ దారి, తప్తపాణి ఘాట్ దిగి చూశాను. పాత ప్యాడ్లతో అదే ఘాట్ దిగితే కింద ఆపేసరికి చక్రాల్లోంచి కాలిన కంపు వచ్చేది, ఈసారి లేదు.

టైర్లు 185/60 ఆర్14, మంచి రోడ్డు టైర్లే, నాలుగూ కొత్తవి. కొనేటప్పుడు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. ఒక షాపులో తళతళలాడే టైర్లు చూపించారు, నంబరు చూస్తే నాలుగేళ్ళ నాటివి. రబ్బరు షాపులో ఉన్నా ముదురుతుంది. ఆ షాపు మెట్లు దిగి ఇంకో షాపుకి పోయాను.

వీల్ నట్లకి టార్క్ రెంచ్ కొన్నాను. పంక్చర్ షాపులో పాన మీద కాలు పెట్టి ఎక్కి తొక్కే పద్ధతిలో స్టడ్డు సాగిపోతుంది, లేదా నాలుగు నట్లు నాలుగు రకాల బిగువులో ఉంటాయి. హోండాకి 108 న్యూటన్ మీటర్లు, క్లిక్ అనగానే ఆపెయ్యడం. ఈ రెంచ్ ట్రాక్ దగ్గర అందరి చేతులూ తిరిగింది.

లోపల ఏమీ మార్చలేదు. సీటు అదే, బెల్టు అదే. నాలుగు పాయింట్ల హార్నెస్ కొనమని ఒక మిత్రుడు పోరుపెట్టాడు, కానీ రోల్‌బార్ (బండి బోల్తాపడితే కాపాడే ఇనుప కమ్మీ) లేకుండా, మామూలు సీటుకి అది బిగిస్తే గుద్దుకున్నప్పుడు మనిషి నడుము బెల్టు కింది నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల బెల్టు ఆ సీటుతో కలిపి ఆలోచించి పెట్టినది. సగం సగం మార్చడం కన్నా మార్చకపోవడం మేలు.

మొత్తం లెక్క, సుమారుగా: నీళ్ళ దారి, బెల్టు, పంపు, వాల్వు పని కలిపి 28 వేలు. రబ్బరు, జాయింట్లు, షాకులు 50 వేలు, అన్నిటికన్నా పెద్ద ముక్క అదే, బయటికి కనిపించనిదీ అదే. బ్రేకులు 22, టైర్లు 24. తుప్పు పని, ఆయిలు, చిల్లర పదివేల దాకా. హెల్మెట్ ఎనిమిది. ఇవి కాక పాతికవేలు పక్కన పెట్టి మా ఆవిడకి ఇచ్చాను, బండి దార్లో ఆగితే లారీకో, క్లచ్ పోతే క్లచ్‌కో తప్ప ఇంకే పార్టుకీ అడిగినా ఇవ్వొద్దని. ఆమె అన్నమాట నిలబెట్టుకుంది, నేను రెండుసార్లు అడిగినా.

ప్రయాణం ఖర్చు జనం లెక్కే వేయరు. రానుపోను పెట్రోలు పదహారు వేల దాకా, టోల్‌గేట్లు వేరే, విజయవాడలో ఒక రాత్రి, మద్రాసులో పిన్ని వాళ్ళింట్లో దిగాం కాబట్టి హోటలు లేదు, బరంపురం అప్పడాలూ పచ్చళ్ళూ ఇచ్చుకుంటే సరిపోయింది. ట్రాక్ మీద లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు, మించి రాదు. ఇంజిన్ పవర్ మీద యాభై వేలు పెడదామని అనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆ యాభై వేలతో ఇంకోసారి వెళ్ళి రావచ్చు, ఇంకోసారి వెళ్ళొచ్చిన డ్రైవరు అన్ని హార్స్‌పవర్ల కన్నా ఎక్కువ టైము తగ్గిస్తాడు.

జనవరి ఆఖర్లో వెళ్ళాం, మద్రాసు వానలు అయిపోయాక, ఎండలు మొదలవక ముందు. పొద్దున జెండాల గురించి చెప్తారు, పసుపు చూపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ కూడదు, ఎరుపు అయితే నెమ్మదించి పిట్‌కి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటుకి రావాలి. ముందున్న బండివాడు చెయ్యి చూపించాకే దాటాలి. పడక్‌లో, అంటే పిట్ వెనక బండ్లు నిలిపే చోట, పాత టార్పాలిన్ పరిచి స్టెప్నీ, జాకీ, సూట్‌కేసు, మంచినీళ్ళ క్యాన్లు, వెనక సీటు కుషను అన్నీ దింపేశాం. బరువు తగ్గించడానికి పైసా ఖర్చు లేని పద్ధతి, సాయంత్రం మళ్ళీ ఎక్కించేయొచ్చు.

మొదటి ల్యాపులు మెల్లగా తిప్పాను. నా బండిలో ఏబీఎస్ లేదు, చక్రం ఎక్కడ పట్టేస్తుందో కాలికి తెలియాలి. మెయిన్ స్ట్రెయిట్ మీద నన్ను దాటిపోయిన బండ్లన్నీ నాకన్నా కొత్తవి, పవర్ ఉన్నవి. ఒక టర్బో బండి కుర్రాడు రోజు సగం కాకుండానే పిట్‌లో పెడల్ పంప్ చేస్తూ కూర్చున్నాడు, ఫ్లూయిడ్ మరిగింది. బండికి చిప్ ట్యూనింగ్, అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, చేయించాడట, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో తెలియదన్నాడు. నా దగ్గర మిగిలిన సీసా ఇచ్చాను, ఇద్దరం కలిసి బ్లీడ్ చేశాం, అంటే పైపుల్లోంచి పాత ఫ్లూయిడూ బుడగలూ బయటికి తీశాం, మధ్యాహ్నం మళ్ళీ తిరిగాడు, మళ్ళీ నన్ను దాటేశాడు. దాటనీ.

సెషను అయ్యాక చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా తిరిగి రావాలి, గాలికి చల్లారడానికి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు, కాగిన బ్రేకుని బిగించి ఉంచినట్టవుతుంది, గేరులో వదిలి చక్రానికి రాయి పెట్టాం. టైర్ల గాలి వెంటనే చూస్తే ఆరేడు పీఎస్‌ఐ పెరిగి ఉంది, అంత తీసేశాం, సాయంత్రం హైవే ఎక్కే ముందు మళ్ళీ నింపడం గుర్తుంచుకోవాలి. ఆయిల్ ప్రతి సెషనుకీ డిప్‌స్టిక్ తీసి చూశాను. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోతుంది, మట్టం కింది గీత దగ్గర ఉంటే పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది, అందుకే పై గీత దగ్గరే ఉంచాను. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు.

బండి చెప్పిన కొత్త సంగతి టైర్ల మీద కనిపించింది. ముందు రెండు టైర్లూ బయటి అంచున నున్నగా అరిగాయి, మధ్యలో, లోపలి వైపు ఇంకా కొత్తగానే ఉన్నాయి. కంపెనీ సెట్టింగులో చక్రం దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది, మలుపులో బండి వాలగానే బరువంతా బయటి అంచు మీదే పడుతుంది. చక్రం పైభాగాన్ని కొంచెం లోపలికి వంచితే, అంటే నెగటివ్ క్యాంబర్ ఇస్తే, టైరు మొత్తం నేలకి ఆనుతుంది. మరీ ఎక్కువ ఇస్తే రెండు వేల కిలోమీటర్ల హైవేలో లోపలి అంచు తినేస్తుంది. అందుకని ఒక డిగ్రీ, మించితే ఒకటిన్నర. దానికి కాయిలోవర్లు అక్కర్లేదు, క్యాంబర్ సర్దే కిట్టు ఐదారు వేలలో వస్తుంది, బిగింపూ అలైన్‌మెంటూ కలుపుకున్నా పదివేల లోపు. టైర్లు బయటి అంచు లోపలికి వచ్చేలా తిరగేసి బిగించుకుని ఇంటికి వచ్చాం, మా టైరుకి ఇదే బయటి పక్క అన్న నియమం లేదు కాబట్టి కుదిరింది.

తిరిగొచ్చాక బాబాయి చక్రాలు విప్పి ప్యాడ్లు కొలిచాడు, సగం పైన ఉన్నాయి. ఫ్లూయిడ్ రంగు మారింది, తీసేశాం. "ఇంత తిప్పినా ఇంజిన్ ఏటీ అనలేదు" అని ఆయనకి ఆశ్చర్యం. ఇప్పుడు క్యాంబర్ కిట్టు ఆర్డరు పెట్టాను, క్లచ్ ప్లేటు జారడం మొదలవకముందే మార్చడానికి డబ్బు పోగేస్తున్నాను, అది పన్నెండు వేల దాకా అవుతుందన్నాడు. కాయిలోవర్ల ఫొటోలు ఇంకా చూస్తూనే ఉన్నాను.